ఈ ఏడు తిట్టేది లేదు

నా మొగుడికి ఏడాదికి ఒక్కరోజే నోరుంటుంది. మిగతా రోజుల్లో ఆ నోరు ఉన్నది అన్నం తినడానికి, ఆవులించడానికి మాత్రమే. కూరలో ఉప్పు తక్కువైతే తక్కువైందని చెప్పడు. ఉప్పు డబ్బా వైపు ఒకసారి చూసి, నేను చూశానేమోనని మళ్ళీ తల వంచుకుంటాడు. కాలు విసిరే గేదెను కూడా ‘నిలబడు తల్లీ’ అని బతిమాలుకునే మనిషి. అలాంటి మునిశేఖర్ మొన్న జాతరలో చేసిన పనికి మా వెదురుమిట్ట పంచాయతీ ఇప్పటికీ రెండుగా చీలి కొట్లాడుకుంటోంది. ఎవరి నోటికొచ్చిన కథ వాళ్ళు చెప్పుకుంటున్నారు. దూరం నుంచి విన్నవాళ్ళే ఇంతింత చెబుతుంటే, పక్కన నిలబడి చూసినదాన్ని, కట్టుకున్నదాన్ని, నేనెందుకు ఊరుకోవాలి?

ముందు మా ఊరి సంగతి చెప్పాలి. పూతలపట్టు దాటి కొంచెం దూరం పోయి రోడ్డు దిగితే వెదురుమిట్ట. ఊరి మధ్యలో ఒక వంక, వానొస్తే పారే వాగు. అవతల రోడ్డు వైపు పెద్దవీధి, బడి, పంచాయతీ ఆఫీసు, సర్పంచి చెంగల్రాయుడి మిద్దె. ఇవతల మిట్ట మీద మా ఇళ్ళు, గొడ్లు, మామిడి తోపులు. డాక్టరు కావాలన్నా, బస్సు కావాలన్నా, అగ్గిపెట్టె కావాలన్నా వంక దాటాల్సింది మేమే. వాళ్ళకు ఇటు వచ్చే పని ఓట్లప్పుడు తప్ప ఉండదు.

మా అత్త పేరు పోలేరమ్మ. మునిశేఖర్ ఆమెకు మొక్కుల బిడ్డ. అంతకుముందు పుట్టినవాళ్ళు దక్కలేదట. ఈ ఒక్కడు దక్కితే వాడి చేత ఏటా తోటి వేషం కట్టిస్తానని గంగమ్మకు మొక్కుకుంది. దక్కాడు. నడక నేర్చినప్పటి నుంచి కడుతూనే ఉన్నాడు.

మా పక్క గంగమ్మ జాతరలో రోజుకో వేషం. పూర్వం ఆడవాళ్ళను చెరబట్టే పాలెగాడు ఒకడు ఉండేవాడట. గంగమ్మ కన్నెర్రజేస్తే పారిపోయి దాక్కున్నాడు. వాణ్ణి వెతుక్కుంటూ అమ్మ రోజుకొక వేషంలో ఊరు తిరిగిందని కథ. తోటి వేషం రోజున ఒళ్ళంతా బొగ్గు పూసుకుని, తెల్లచుక్కలు పెట్టుకుని, నడుముకు వేపమండలు చుట్టుకుని, డప్పుల వెంట ఇంటింటికీ పోయి నోటికొచ్చినట్టు తిట్టాలి. తిట్టించుకున్నవాళ్ళకు కోపం రాకూడదు. ఆ తిట్టు అమ్మది. అది వాకిట్లో పడితే ఆ ఏడంతా ఇంటికి పీడ సోకదని, పట్టిందల్లా కలిసొస్తుందని నమ్మకం. తిట్టినవాడి కాళ్ళకు పసుపునీళ్ళు పోసి దణ్ణం పెడతారు.

ఆ ఒక్కరోజు చూడాలి మా ఆయన్ని! మూడొందల అరవై రోజులు మింగిన మాటలన్నీ కట్టలు తెంచుకుంటాయి. ఎవరింటి గుట్టు వాళ్ళ వాకిట్లోనే విప్పి, తిట్టిన తిట్టు మళ్ళీ తిట్టకుండా, ఆయాసం లేకుండా అందుకుంటాడు. పెళ్ళైన కొత్తలో మొదటిసారి విన్నప్పుడు నేను చెవులు మూసుకుని ఇంట్లోకి పరిగెత్తాను. తర్వాత తర్వాత తలుపు సందులోంచి వినడం మొదలుపెట్టాను. ఇప్పుడు ముందు వరసలో నిలబడతాను. పక్కూళ్ళవాళ్ళు కూడా ‘మునిశేఖర్ నోట తిట్టు పడాల’ని ఆ పొద్దు మా ఊరి చుట్టాలింట్లో దిగుతారు.

అందరికంటే ఆ తిట్ల మీద మోజు చెంగల్రాయుడికి.

వంక మీద కల్వర్టు ఉండేది. కొన్నేళ్ళ కిందటి పెద్ద వానలకు కొట్టుకుపోయింది. కొట్టుకుపోవడం వాన తప్పు, ఒప్పుకుంటాను. మళ్ళీ కట్టకపోవడం ఎవరి తప్పు? చెంగల్రాయుడు కొబ్బరికాయ కొట్టాడు, శిలాఫలకం పెట్టించాడు, ఫోటో దిగాడు. ఫలకం మీద పేర్లు ఇప్పటికీ చక్కగా కనబడతాయి. మేతకు అవతలికి పోయిన మా గేదెలు దానికి వీపు రుద్దుకుంటాయి. ఆ రాయి వల్ల ఊరికి జరిగిన మేలు అదొక్కటే. తర్వాత కంకర దిగింది, సిమెంటు బస్తాలు దిగాయి, కమ్మీలు దిగాయి. కొన్నాళ్ళకు కల్వర్టు లేవలేదు గానీ సర్పంచి మిద్దె మీద ఇంకో మిద్దె లేచింది.

మునిశేఖర్‌ది పాల ఆటో. మిట్ట మీద ఇంటింటా పాలు పోయించుకుని, అవతల రోడ్డు మీద ఆగే డైరీ వ్యానుకు అందించాలి. కల్వర్టు పోయాక ఆటో ఇవతలే ఆపి, క్యాన్లు ఒక్కొక్కటే భుజాన పెట్టుకుని రాళ్ళ మీద దాటతాడు. వంక నిండితే పక్కూరు చుట్టి పోవాలి. అక్కడికి చేరేసరికి వ్యాను వెళ్ళిపోయి ఉంటుంది, పాలు విరిగిపోయి ఉంటాయి. ఆ పాలతో నేను కోవా చేసేదాన్ని. ఆ వానాకాలం మిట్ట మీద పిల్లలందరూ నా కోవా తిని ఒళ్ళు చేశారు. చెప్పుకుంటే నవ్వొస్తుంది గానీ, పొయ్యి దగ్గర కూర్చుని కలుపుతుంటే నాకు ఏడుపొచ్చేది. అర్జీలు పెట్టాం, ఆఫీసుల చుట్టూ తిరిగాం. రేపు రమ్మన్నారు, మాపు రమ్మన్నారు.

అందుకని పోయినేడు జాతరలో మునిశేఖర్ ఆ కోపమంతా చెంగల్రాయుడి వాకిట్లో కుమ్మరించాడు. “కల్వర్టు మింగినోడా! కంకర నమిలినోడా! సిమెంటు తాగి మిద్దె మీద మిద్దె కక్కినోడా! నీ కడుపులో కమ్మీలు లెయ్య! నువ్వు నడిచే దోవలో వంక పుట్ట!” అంటూ మొదలుపెట్టి, ఇక్కడ రాయలేనివి చాలా అన్నాడు. ఊరంతా వింటోంది. నాకైతే గుండె నిండిపోయింది. ఇక సర్పంచి తలెత్తుకోలేడనుకున్నాను.

చెంగల్రాయుడు కళ్ళు మూసుకుని, చేతులు జోడించి, తన్మయంగా విన్నాడు. అంతా అయ్యాక, “బలే తిట్టినావు మునిశేఖరా! ఆ కొత్త కారు ముందర కూడా రెండు తిట్టి పోప్పా” అన్నాడు.

ఆయన భార్య తిరుమలమ్మ పసుపునీళ్ళు పోసి, “నీ నోరు చల్లగుండ నాయనా. నువ్వు తిట్టబట్టే ఈయప్ప రెండుసార్లు గెలిచినాడు” అంది.

ఆ రాత్రి మునిశేఖర్ బొగ్గు కడుక్కుంటూ చాలాసేపు బావి దగ్గరే కూర్చున్నాడు. అన్నం తినలేదు. నాకూ తినబుద్ధి కాలేదు. నిజాన్ని నిజంగా మొహాన కొడితే, దాన్ని దీవెన కింద జేబులో వేసుకున్నాడు ఆ మనిషి. ఇక వాణ్ణి ఏం చెయ్యాలి?

పోయిన కార్తీకం వానల్లో నా బిడ్డ లోహిత వంకలో పడింది.

పదో తరగతి. బడి నుంచి వస్తోంది. నీళ్ళు మోకాళ్ళ దాకానే ఉన్నాయనుకుని దిగింది. కాలు జారింది. కొట్టుకుపోయి ఒక తుమ్మకంప పట్టుకుని వేలాడుతుంటే, గొర్రెలు తోలుకొస్తున్న రాజారత్నం దూకి లాగాడు. ఆయనకు రుణపడి ఉంటాను, బతికినంతకాలం. పుస్తకాల సంచి పోయింది. అరచేతుల నిండా ముళ్ళు. అవి తీస్తుంటే అమ్మా అనలేదు, ఏడవలేదు. ఆ తర్వాత వంక గట్టుకు కూడా వెళ్ళలేదు. చేసేదిలేక పలమనేరులో నా చెల్లెలు ఐశ్వర్య ఇంట్లో పెట్టి పరీక్షలు రాయించాం. బిడ్డ లేని ఇల్లు ఎంత చప్పగా ఉంటుందో నాకు ఆ నెలల్లోనే తెలిసింది. ఫోను చేస్తే ఒకటే మాట: “కల్వర్టు కడతావుండారా మా?” వేసవి సెలవులకు ఇంటికి వచ్చాక ఇంకో మాట: “జూన్‌లో కాలేజీకి మళ్ళా నన్ను పంపించేస్తారా?” ఏం చెప్పను?

ఆ మధ్యలో గ్రామసభ జరిగింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని మునిశేఖర్ బయల్దేరాడు. నేనూ వెళ్ళాను. జీవితంలో మొదటిసారి, బొగ్గు లేకుండా, పదిమందిలో లేచి నిలబడ్డాడు.

“రాయుడన్నా, ఒక మాట అడగతా, తప్పుగా అనుకోవద్దు. కల్వర్టుకు పెట్టిన రాయి ఉండాది. కల్వర్టు లేదు. దించిన సిమెంటు యాడికి పోయింది? నా బిడ్డ సచ్చి బతికిందన్నా.”

ఇంతే. ఒక్క తిట్టు లేదు, ఒక్క ‘ఒరే’ లేదు. చెంగల్రాయుడి మొహం ఎర్రబడింది.

“ఏమిరా, జాతర్లో నాలుగు మాటలు పడితే నోరు లేస్తావుండాదే? ఎవడ్రా నువ్వు నన్ను అడిగేదానికి? పాలు మోసుకునేవాడివి పాలు మోసుకో. ఇంకోసారి పదిమందిలో నా పేరెత్తితే స్టేషన్లో కూర్చోబెడతా!”

ఆయన మనుషులు ఇద్దరు వచ్చి మునిశేఖర్ భుజాలు పట్టి బయటికి నెట్టారు. చొక్కా జేబు చిరిగింది. అంతమందిలో ఒక్కరూ నోరు మెదపలేదు. పోయినేడు ఆ మాటలే విని పకపకా నవ్వినవాళ్ళు వీళ్ళే! బొగ్గు పూసుకుని అంటే పుణ్యమట, మొహం కడుక్కుని అడిగితే నేరమట. నాకు ఒళ్ళు మండిపోయింది. “మీ నోళ్ళు పడిపోయినాయా అప్పా?” అని నేనే అరిచి వచ్చాను.

ఇంటికి వచ్చి గుంజకు ఆనుకుని కూర్చున్నాడు. “అమ్మా, ఈ ఏడు నేను వేషం కట్టను” అన్నాడు.

మా అత్త చింతపండులో గింజలు తీస్తోంది. తలెత్తలేదు. “కట్టాల. మొక్కు మొక్కే.”

“నేను తిడతా వుంటే వాడు బలిసిపోతా వుండాడమ్మా. వానికి బలం నేనే ఇస్తా వుండానా?”

అప్పుడు తలెత్తింది. “కత మొత్తం తెలుసునా నీకు? తోటి వేషంలో అమ్మ ఊరంతా తిట్టింది గదా. ఆ పొద్దు పాలెగాడు బయటికి వొచ్చినాడా?”

“రాలా.”

“ఎట్ల వొస్తాడు? లోపల పడుకోని ఇన్నాడు. తిట్టి తిట్టి సూసి అమ్మ ఏం సేసింది? దొర వేషం కట్టింది. దొర వొచ్చినాడంటేనే వాడు బయటికొచ్చి తల వంచినాడు. అప్పుడు గదా నరికింది. నువ్వు పుట్టినకాన్నించి తోటి వేషంలోనే ఆగిపోయినావు కొడకా.”

మునిశేఖర్ గుంజ వదిలి నిటారుగా కూర్చున్నాడు. “ఎలక్షన్లో నిలబడతా” అన్నాడు.

నేను నవ్వాను. నిజం చెబుతున్నాను, గట్టిగా నవ్వాను. “ఉప్పు తక్కువైందని పెళ్ళానికి సెప్పలేనోడివి, ఓటెయ్యమని ఊరోళ్ళకేం సెప్తావయ్యా? వాళ్ళ దగ్గర కార్లుండాయి, మనుషులుండారు. మనకేముండాయి, గేదెలు!”

“గేదెలు ఉండాయిలే” అన్నాడు. “ఓడిపోతే ఓడిపోతా మే. రేపు లోహిత ‘నువ్వేం సేసినావు నాయనా’ అంటే, తిట్టినానని సెప్పేదానికి నాకు సిగ్గుగా ఉండాది.”

నా నవ్వు ఆగిపోయింది. రాజకీయమంటే నాకు అసహ్యం. అది మన ఇంటికి వచ్చేది కాదు, వస్తే కడుక్కోలేం అనుకునేదాన్ని. కానీ చిరిగిన జేబు కుడుతుంటే నా కోపం ఇంకో దారి పట్టింది. మంచివాళ్ళం మంచివాళ్ళం అని మేము మిట్ట మీదే కూర్చుంటే, చెంగల్రాయుడు కాక ఇంకెవడు వస్తాడు ఆ కుర్చీలోకి? నిలబడనీ. నేనూ పక్కన నిలబడతాను.

జాతర వచ్చింది. తోటి వేషం రోజు మా అత్త తన చేతులతోనే కొడుక్కి బొగ్గు పూసింది. నాకేమీ చెప్పలేదు ఇద్దరూ. జాతర పెద్ద పరంధామయ్య డప్పులవాళ్ళతో వచ్చి తీసుకెళ్ళాడు. మిట్ట మీద ప్రతి వాకిట్లోనూ మునిశేఖర్ ఎప్పటిలాగే తిట్టాడు. రాజారత్నాన్ని గొర్రెల కంపు గురించి తిడుతుంటే ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. వంక దాటాం. వేసవి కాబట్టి ఇసుకే ఉంది. అయినా లోహిత నా చెయ్యి గట్టిగా పట్టుకునే దిగింది. పెద్దవీధిలో తిట్టాడు. చివరికి సర్పంచి మిద్దె ముందు డప్పులు ఆగాయి.

చెంగల్రాయుడు పట్టుపంచె కట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు. పక్కన పళ్ళెం, పసుపునీళ్ళ చెంబు పట్టుకుని తిరుమలమ్మ. “రాప్పా మునిశేఖరా! ఎలక్షన్లొస్తావుండాయి. ఈసారి జాస్తిగా తిట్టాల!” అని కళ్ళు మూసుకుని చేతులు జోడించాడు.

మునిశేఖర్ నోరు తెరవలేదు.

జనం ఎదురుచూశారు. చెంగల్రాయుడు ఒక కన్ను తెరిచి చూశాడు. మునిశేఖర్ ముందుకు వెళ్ళి తిరుమలమ్మ చేతిలోంచి చెంబు తీసుకున్నాడు. కాళ్ళ మీద పోసుకోవలసిన నీళ్ళతో మొహం కడుక్కున్నాడు. బొగ్గు మెడ మీంచి నల్లగా కారింది. జనంలోంచి ఒక్కసారిగా ‘అయ్యయ్యో’ అని లేచింది.

“రే! అమ్మ వేషం నడివీధిలో తీస్తావా? అరిష్టం గదరా!” అని పరంధామయ్య అరిచాడు.

“అరిష్టమైతే నాకే కానీలే మామా” అన్నాడు మునిశేఖర్. లోహిత తన చున్నీ ఇచ్చింది. తుడుచుకున్నాడు. ఇంట్లో నేను రోజూ చూసే మొహం.

“రాయుడన్నా, ఈ ఏడు నిన్ను తిట్టేది లేదు. బొగ్గు పూసుకోని తిడితే దండం పెడతావు, మొగం కడుక్కోని అడిగితే గెంటిస్తావు. నా తిట్టు నీకు దిష్టిచుక్క అయిపోయింది. ఇంక నీకు ఇయ్యను. కల్వర్టు కట్టు, ఆ పొద్దు వొచ్చి నీ ఆశ తీరా తిడతా. కట్టకపోతే ఎలక్షన్లో నీ మీద నేనే నిలబడతా. నేను గెలిచి కట్టకపోతే నువ్వొచ్చి నా వాకిట్లో తిట్టు. బొగ్గు పూసుకునే పని లేదు. మొగం కడుక్కోని రా, నిలబడి వింటా.”

చెంగల్రాయుడు గర్జిస్తాడనుకున్నాను. మునిశేఖర్ వెనుదిరిగి నడిచేసరికి బిత్తరపోయాడు. జాతర నాడు వాకిట్లోకి వచ్చిన తోటి తిట్టకుండా తిరిగిపోవడం మా ఊళ్ళో ఎవరూ ఎరగరు. “తిట్టరా, ఒక్కటి తిట్టి పో!” అని వెనకనుంచి కేకేశాడు. అది గద్దింపో బతిమాలడమో ఆయనకే తెలియదు. మునిశేఖర్ వెనక్కి తిరిగి చూడలేదు. మా అత్త మాత్రం చూసింది. చూసి, కొంగు బిగించి నడిచింది.

అందరూ మెచ్చారని అనుకోకండి. సగం ఊరు మమ్మల్ని తిట్టిపోసింది. అమ్మవారిని రాజకీయంలోకి లాగాడన్నారు, పాలు మోసేవాడికి పదవి పిచ్చి పట్టిందన్నారు. నేనూ ఊరుకోలేదు, ఎవరికి ఇవ్వాల్సింది వాళ్ళకు ఇచ్చాను. నాకు వేషంతో పని లేదు.

ఆ రాత్రి మామిడికాయలు రాలేంత వాన పడింది. తెల్లారేసరికి వంక పారుతోంది. గేదెల దగ్గర చిమ్ముతుంటే, వాకిట్లో ఎవరో నిలబడ్డారు. తిరుమలమ్మ. నడుము దాకా తడిసిన చీర, ఒక కాలికి చెప్పు లేదు, మోచేతికి బురద. ఒంటరిగా వచ్చింది. కల్వర్టు పోయాక సర్పంచి ఇంటి ఆడమనిషి వంకలో కాలు పెట్టడం అదే మొదటిసారి.

“స్రవంతీ, మీ ఆయనకు సెప్పు మే. ఎలక్షన్ల ఏడు మా వాకిలి అట్ల వొదిలేస్తే ఎట్ల? రాత్రంతా ఆయప్పకు నిద్ర లేదు. ఒక్కటే ఒక్క మాట, మెల్లిగానైనా సరే తిట్టమను.”

ఆమె మీద నాకు కోపం రాలేదు, జాలేసింది. తువ్వాలు ఇచ్చి తుడుచుకోమన్నాను. “తిట్టు మా దగ్గర లేదక్కా. వొచ్చేటప్పుడు వంక ఎట్లుండాది?”

తిరుమలమ్మ మోచేతి బురద తుడుచుకుంది. గుంజ పక్కన నిలబడ్డ లోహితను, దాని అరచేతుల్లో మాయని ముళ్ళ గాట్లను చూసింది. తువ్వాలు మడిచి నా చేతికిచ్చి వెనుదిరిగింది. దిగలేక వంక గట్టున ఆగిపోయింది. నేను వెళ్ళేలోపే లోహిత వెళ్ళింది. కార్తీకం నుంచి నీళ్ళ దగ్గరికి పోని నా బిడ్డ, “నా సెయ్యి పట్టుకో పెద్దమ్మా, ఆ రాయి జారతాది” అంటూ ముందు దిగింది. నేను వెనక్కి పిలవలేదు.

నడివంకలో తిరుమలమ్మ కాలు జారింది. లోహిత పట్టుకుంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ తుమ్మకంప దాకా పోయేదే. రెండో చెప్పు కొట్టుకుపోయింది. ఆమె నీళ్ళలోనే నిలబడి, ఒగరుస్తూ, అవతల గట్టున శిలాఫలకం పక్కన ఆమెకోసం చూస్తున్న మొగుణ్ణి చూసింది.

“కల్వర్టు మింగినోడా!” అని అరిచింది.

మిట్ట మీద ఇళ్ళ తలుపులన్నీ తెరుచుకున్నాయి. పెద్దవీధిలోనూ తెరుచుకున్నాయి. తర్వాత ఆమె అన్నవి నేను రాయలేను. మా ఆయన ఇన్నేళ్ళుగా ఆ వాకిట్లో తిట్టినవన్నీ ఆమెకు కంఠతా వచ్చునని అప్పుడే తెలిసింది. తన సొంతవి కూడా కొన్ని కలిపింది. చెంగల్రాయుడు ఈసారి చేతులు జోడించలేదు, కళ్ళు మూసుకోలేదు. చుట్టూ చూసుకుని, ఫలకం వెనక్కి తప్పుకున్నాడు.

మునిశేఖర్ పాల క్యాన్లు కడుగుతున్నాడు. తలెత్తి అంతా విన్నాడు. క్యాను బోర్లించి, తడి చేతులు లుంగీకి తుడుచుకుని, “మొదటి ఓటు పడింది మే” అన్నాడు.